వెయ్యి గంటల చలి

కొండ మీద, గడియారాల కొట్టు
ఫిబ్రవరి 9

మరదలు పిల్లకి,

యాభై దాటినదాన్ని పట్టుకుని పిల్లా అంటే నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. మా పెళ్ళినాటికి నువ్వు రెండు జడల పిల్లవి, నా కంటికి ఇంకా అలాగే ఉన్నావు.

మీ అక్క పోయి ఏడాదిన్నర అయింది. బట్టలు ఇచ్చేశాను, కుట్టు మిషను ఇచ్చేశాను. ఆమె వదిలివెళ్ళిన వాటిలో ఇంకా ప్రాణంతో ఉన్నది ఒక్కటే. కిటికీ అవతల బల్ల మీద, పళ్ళెంలాంటి కుండీలో ఉన్న మేపుల్ చెట్టు. మూరెడు ఎత్తు, ముప్పై అయిదేళ్ళ వయసు. బోన్సాయ్ అంటారు, నీకు తెలుసు. దాన్ని నీకు పంపిస్తున్నాను.

ఇది నా నిర్ణయం కాదు. ఆఖరి రోజుల్లో మీ అక్క చెప్పింది. "విత్తనం దానిది. నేను పెంచానంతే. అడిగితే ఇవ్వండి, అడక్కపోయినా పంపండి" అంది. పెళ్ళైన ఏడు నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు వీధి చివర చెట్టు కింద రెక్కల గింజలు ఏరి జేబు నింపుకున్నావట. వెళ్ళేటప్పుడు ఒకటి మంచం కింద పడిపోయింది. మీ అక్క దాన్ని మట్టిలో పెట్టింది.

"మీ చెల్లి ఊళ్ళో ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంది, అక్కడ మేపుల్ ఏం బతుకుతుందే" అన్నాను. నవ్వి ఊరుకుంది. ఇక్కడి మొక్కలవాళ్ళూ అదే మాట అంటున్నారు, రెండేళ్ళు బతికితే గొప్పట. అయినా ఆమె మాట దాటలేను. ఉన్నప్పుడు చాలాసార్లు దాటాను, అది వేరే సంగతి.

నేనే తెచ్చేవాణ్ణి. కొట్లో పని తెమలడం లేదు. పక్క కొట్టు దర్జీ అటువైపు వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. ఇప్పుడు నిద్రలో ఉంది, ఒక్క ఆకు కూడా లేదు. ఎండిపోయిందనుకుని పారేసేవు.

బావ


శీతల గిడ్డంగి, మిషన్ గది
మార్చి 20

బావగారికి,

చెట్టు చేరింది. మీ దర్జీ పదహారు గంటలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. "కాస్త కింద పెట్టొచ్చు కదండీ" అంటే, "కింద పెడితే ఆయన అడిగినప్పుడు అబద్ధం చెప్పాల్సొస్తుందండీ, నాకు రాదు" అన్నాడు. మంచి మనిషి. నా చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు.

నిజం చెప్తాను. మొదట చూసి, ఈ పుల్లల కట్ట కోసమా అక్క ముప్పై అయిదేళ్ళు ఊరు దాటి కదలనిది అనుకున్నాను. బల్ల మీద పెట్టి, నేను నేల మీద కూర్చుని, దాని మొదలు ఎత్తుకి నా కళ్ళు దించి చూశాను. ఏం చెప్పను. ఎదురుగా చిన్న చెట్టు లేదు, చాలా దూరాన పెద్ద చెట్టు ఉంది. దాని కింద నీడలో కూర్చోవచ్చనిపించింది. గిడ్డంగిలో నాతో పనిచేసేవాళ్ళు నేను స్పానర్ పడేసుకుని వెతుకుతున్నానని వచ్చి సాయం చెయ్యబోయారు.

ఇక్కడ అప్పుడే డాబా మీద చెప్పులు లేకుండా నిలబడలేం. ఎండ పడని వరండాలో పెట్టాను. రెండు పొరల నీడవల కట్టాను. వేళ్ళు ఉడికిపోకుండా కుండీని తడి ఇసుక తొట్టిలో దించాను. ఉప్పు నీళ్ళు పడవని అక్క ఎప్పుడో రాసింది గనుక బోరు నీళ్ళు పొయ్యడం లేదు. మా చల్లగదుల్లో గొట్టాల మీద పేరుకున్న మంచు కరిగిస్తే వచ్చే నీళ్ళు పోస్తున్నాను. వాన నీళ్ళంత మెత్తగా ఉంటాయి. పాతికేళ్ళుగా ఆ నీళ్ళు కాలవలో వదిలేశాను, ఇప్పుడు బిందెలో పడుతున్నాను.

నిన్న చిగురు వేసింది. ఆకులు నా చిటికెన గోరంత ఉన్నాయి. ఒక్కోదానికీ అయిదు వేళ్ళు.

మీ మరదలు


కొండ మీద
జూన్ 14

మంచు మేస్త్రీకి,

నువ్వు మెకానిక్కువే కావచ్చు, గదుల్లో మంచు తయారు చేసేదాన్ని నేను ఇంకేమని పిలవను.

ఆకుల అంచులు మాడుతున్నాయని రాశావు. దానికి భయపడకు. ఇక్కడ ముసలి మొక్కలాయన ఒకాయన ఉన్నాడు, మీ అక్కకి నేర్పింది ఆయనే. నిన్న వెళ్ళి అడిగాను. "ఎండకి చావదయ్యా, నిద్ర లేక చస్తుంది" అన్నాడు. ఈ జాతికి ఏటా చలి కావాలట. ఆకు రాల్చి, పని ఆపి పడుకోవాలట. పడుకోనివ్వకపోతే ఆగకుండా చిగురిస్తూ, చిగురిస్తూ, ఉన్న సత్తువంతా అయిపోయి రెండో ఏడో మూడో ఏడో కూలిపోతుందట.

ఇంకో మాట చెప్పాడు. అది విన్నప్పటి నుంచి నా బుర్ర పనిచెయ్యడం లేదు. చెట్టు చలిని గంటల్లో లెక్కపెట్టుకుంటుందట. సుమారు వెయ్యి గంటలు. అంతవరకూ మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసినా మోసపోదు, కళ్ళు తెరవదు. వెయ్యి నిండాక వెచ్చబడితేనే లేస్తుంది.

నలభై ఏళ్ళు గడియారాలు బాగు చేశాను. ముల్లు లేదు, స్ప్రింగు లేదు, కీ ఇచ్చేవాడు లేడు. గంటలు లెక్కపెట్టే వస్తువు నా కిటికీ దగ్గర ముప్పై అయిదేళ్ళు కూర్చుంటే నేను దాని ముందు నిలబడి టీ తాగాను.

మరదలా, నీ దగ్గర చలి ఉంది కదా. మీ అక్క నవ్వి ఊరుకుంది ఇందుకేనేమో.

బావ


శీతల గిడ్డంగి
డిసెంబరు 18

బావగారికి,

తీరిగ్గా కూర్చుని చదవండి.

బయట ఇంకా ఫాన్లు తిరుగుతున్నాయి. నేను చెట్టుని మా ముందుగదిలోకి తెచ్చాను. సరుకు లారీలోంచి దింపాక చల్లగదికి పంపేముందు కాసేపు ఆగే గది అది. పెద్ద కిటికీ ఉంది, వెలుతురు వస్తుంది. మేనేజరుని బతిమాలి పన్నెండు డిగ్రీలకి దించాను. ఒక్కసారిగా గడ్డకట్టించకూడదని, మీ కొండ మీద సాయంత్రాలు మెల్లగా చల్లబడినట్టు రోజుకి కొంచెం కొంచెం దించాను.

పదకొండో రోజు పొద్దున తలుపు తీశాను. పైకొమ్మ చివర ఒక ఆకు అంచు ఎర్రబడింది. మర్నాటికి కొమ్మ మొత్తం. ఆ వారంలో చెట్టంతా పాకింది. పైన ముదురు ఎరుపు, మధ్యలో నారింజ, లోపల నీడలో ఉన్నవి పసుపు. బావగారూ, ఈ ఊళ్ళో ఆకు ఎండిపోవడం చూశాం, రాలడం చూశాం. వెళ్ళిపోయే ముందు ఇలా వెలగడం ఎవరూ చూడలేదు. యంత్రం ఆగిపోయిందేమో అన్నంత నిశ్శబ్దంగా అనిపించింది, కానీ అది ఆగలేదు.

లోడింగు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. బస్తాలు మోసే మనుషులు, గట్టిగా తప్ప మాట్లాడరు. గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చారు. వాళ్ళల్లో పెద్దాయన అడిగాడు.

"ఏదన్నా తెగులా మెకానిక్కమ్మా?"

"కాదు. పడుకునే ముందు ఇలా అవుతుంది."

"పడుకోడానికి ఇంత ముస్తాబా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆయన రాలిన ఆకు ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి అలాగే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నిన్నటికి ఆఖరి ఆకు కూడా రాలింది. రెండో గదిలో, బంగాళాదుంపల పక్కన, మూడున్నర డిగ్రీల్లో పెట్టాను. గదుల చల్లదనం రాసే పుస్తకంలో పక్కన పెన్సిల్‌తో చెట్టు గంటలు రాస్తున్నాను. ఇప్పటికి ఇరవై రెండు.

మీ మరదలు


కొండ మీద
జనవరి 6

మరదలికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు విన్నాను. చదివాను అని రాయబోయి విన్నాను అని రాశాను, పోనీలే. ఆ ఎరుపు ఎలాంటి ఎరుపు? ఇటుకలాంటిదా, కుంకుమలాంటిదా? రాయి. లేచేటప్పుడు ఏం చేస్తుందో ప్రతి ముక్కా రాయి. బద్ధకించకు.

బావ


శీతల గిడ్డంగి
మార్చి 2

బావగారికి,

వెయ్యీ నలభై గంటలకి బయటికి తెచ్చాను. మళ్ళీ మెట్టు మెట్టుగా, ముందుగది, వరండా. మూడు వారాలు ఏమీ లేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇవాళ పొద్దున మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకున్నాయి. ఒకటీ అరా కాదు, అన్నీ. ఎవరో లోపల్నుంచి కబురు పెట్టినట్టు.

మీరడిగారు గనుక రాస్తున్నాను. మొగ్గ ముందు ఉబ్బుతుంది. పొట్టు రెండుగా చీలుతుంది. లోపల ఆకు, మూసిన గొడుగులా మడతలు మడతలుగా, తడితడిగా ఉంటుంది. దాని మీద తెల్లటి నూగు. మధ్యాహ్నానికి మడతలు విడతాయి, సాయంత్రానికి అయిదు వేళ్ళూ చాపుతుంది. కుంకుమ ఎరుపు కాదు, ఇటుక కాదు. పసిపిల్ల అరచెయ్యి వెలుతురుకి అడ్డం పెడితే కనిపించే ఎరుపు.

నేను గడ్డకట్టించిన కాయా పండూ ఎన్ని వేల టన్నులో. చలి అంటే కుళ్ళకుండా ఆపేది అనుకున్నాను ఇన్నాళ్ళూ. చలి లేపుతుందని ఈ వయసులో తెలిసింది.

మీ అక్షరాలు ఎందుకు గీత దాటి కిందికి జారిపోతున్నాయి? రైల్లో రాస్తున్నారా?

మీ మరదలు


కొండ మీద
మార్చి 19

మరదలికి,

కలం పాతబడింది. నువ్వు రాసేది రాస్తూ ఉండు.

బావ


శీతల గిడ్డంగి
జనవరి 11

బావగారికి,

ఈ రెండో చలికాలం కూడా ఆకులు బాగా ఎర్రబడ్డాయి. రెండో గది తలుపు మరమ్మతులో ఉంది, అందుకని వేరే గదిలో పెట్టాను. కంగారు పడాల్సిందేం లేదు. మొగ్గలు బాగున్నాయి. గోధుమ గింజల్లా, గట్టిగా, ఎర్రగా ఉన్నాయి. పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

మీ మరదలు


కొండ మీద
జనవరి 22

మరదలు పిల్లకి,

ఈ చేతిరాత నాది కాదని చూడగానే తెలిసి ఉంటుంది. నేను చెప్తుంటే పక్క కొట్టు దర్జీ రాస్తున్నాడు. ఇంక దాచి లాభం లేదు.

నాకు చూపు పోయింది. ఒక్కరోజున కాదు, అయిదారేళ్ళుగా పోతూ వచ్చింది. కంటి నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు, చేసేదేం లేదన్నాడు. మొన్న ఎండాకాలంలో కొట్టు మూసేశాను. చెట్టు నేనే తేకపోవడానికి పని కారణం కాదు, రైలు మెట్టు కనపడక. మీ అక్క ఉండగా ఆఖరి రెండు వసంతాలూ ఆ చెట్టు నాకు కిటికీ అవతల ఒక ఎర్ర మసక. ఆమెకి చెప్పలేదు. "చూశారా ఎంత బాగుందో" అంటే బాగుందన్నాను.

నీకు ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు రాసిన ఉత్తరాల వల్ల. కళ్ళున్న ముప్పై ఏళ్ళు చూడనిది నీ ఉత్తరాల్లో చూశాను. గొడుగు మడతలు, నూగు, పసిపిల్ల అరచెయ్యి. దర్జీ చేత ఎన్నిసార్లు చదివించుకున్నానో అతన్నే అడుగు.

(దర్జీ మాట: పంతొమ్మిదిసార్లండీ. నాకు కంఠతా వచ్చేసింది.)

ఈసారి గోధుమ గింజల్లా అన్నావు. దర్జీ వెళ్ళి ఒక గింజ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పొద్దుటి నుంచీ వేళ్ళ మధ్య తిప్పుతున్నాను. ఇంత చిన్నదానిలో అంత ఆకు మడత పెట్టుకుని ఉంటుందా? నాకు ఇప్పుడు అర్థమవుతోంది మరదలా, మీ అక్క పొద్దున్నే కిటికీ దగ్గర అంతసేపు ఎందుకు నిలబడేదో.

బావ


శీతల గిడ్డంగి
జనవరి 30

బావగారూ,

ఆ గింజ పారేయండి.

నేను అబద్ధం రాశాను. మొగ్గలు లేవు. ఆ ఉత్తరం రాసిన రోజునే రాలిపోయాయి.

మా నాలుగో గది నా గర్వం. అర డిగ్రీ కూడా అటూ ఇటూ కాదు. రెండో గది తలుపు పాడైతే ఆలోచించకుండా చెట్టుని అందులో పెట్టాను. అది ఆపిల్ గది. ఆపిల్ పండు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఒక వాయువు వదులుతుంది. కంటికి కనపడదు, వాసన తెలీదు. పక్కనున్న కాయల్ని మగ్గిస్తుంది, ఆకుకూరల్ని పండబారుస్తుంది. మా దగ్గర పనిలో చేరిన ఎవరికైనా మొదటి రోజు చెప్పే మాట ఒకటే, ఆపిల్ గదిలో ఆకు పెట్టకూడదు. పాతికేళ్ళుగా ఆ మాట చెప్పేది నేనే.

ఈ చెట్టుకి ఆకులు లేవు కదా అనుకున్నాను. అలా పప్పులో కాలేశాను. మొగ్గంటే మడిచిన ఆకేనని మీకు అంత గొప్పగా రాసిన నాకే తట్టలేదు.

ముప్పై నాలుగో రోజు నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాను. చెయ్యి తగిలి ఒక మొగ్గ రాలింది. ఇంకోటి ముట్టుకున్నాను, అదీ రాలింది. కొమ్మని ఊపిరంత తేలిగ్గా కదిపాను. జలజలా రాలాయి. నలుగురు చూస్తున్నారని కూడా లేకుండా నేల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, మీకు ఆ ఉత్తరం రాశాను. మీకు చూపు లేదని తెలియదు. తెలిస్తే రాసేదాన్ని కాదని కూడా ఒట్టు వెయ్యలేను, అంత భయపడ్డాను.

తలుపు బాగయ్యాక రెండో గదికి మార్చాను. మిగతా గంటలు అక్కడ పూర్తి చేయిస్తున్నాను. ఎందుకో నాకే తెలీదు.

అక్క ప్రాణంగా పెంచినదాన్ని నా చేతులారా చంపాను. ఏం తిట్టాలనుకుంటే అది తిట్టండి.

మీ మరదలు


కొండ మీద
ఫిబ్రవరి 8

మరదలికి,

చెట్టు గురించి నాకు కోపం లేదు. పని చేసే చెయ్యి తప్పు చేస్తుంది. నేను ఎందరి గడియారాలు పాడు చేశానో నాకే తెలుసు.

గింజ గురించి మాత్రం ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు నీ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయాను. నేను ఇక్కడ చీకట్లో కూర్చుని నువ్వు రాసింది చూస్తున్నాను. నువ్వు లేనిది రాస్తే నేను లేనిది చూస్తాను, ఇంక నాకు దేన్నని నమ్మడం? మూడో రోజు దర్జీ అన్నాడు, "మీరు మాత్రం ఆవిడకి కలం పాతబడిందని రాయలేదా" అని. ఇతన్ని రాయడానికి పిలిచాను, తీర్పు చెప్పమని కాదు. కానీ అన్నది నిజం.

(దర్జీ మాట: క్షమించాలి.)

మొక్కలాయన్ని అడిగాను. పైమొగ్గలు పోయినంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదన్నాడు. గంటలు నిండాక బయటికి తియ్యి. పైకొమ్మ మీద బెరడు గోటితో కొంచెం గోకు. లోపల ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమరంగైతే లేదు. లేకపోతే కిందికి దిగు. ఎక్కడ ఆకుపచ్చ తగిలితే అక్కడ ఆగు.

ఏముంటే అది రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి.

బావ


ఫిబ్రవరి 24

బావగారికి, పైకొమ్మ గోకాను. గోధుమరంగు.


మార్చి 3

బావగారికి, మధ్యకొమ్మలు నాలుగు. నాలుగూ అంతే.


మార్చి 10

బావగారికి, మొదలు పైసగం. ఏమీ లేదు.


మార్చి 12

బావగారికి, మట్టికి మూడు వేళ్ళ ఎత్తులో గోకాను. ఆకుపచ్చ. నా గోరు అంచుకి తడి అంటింది.


శీతల గిడ్డంగి, వరండా
ఏప్రిల్ 4

బావగారికి,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మట్టికి రెండు వేళ్ళ ఎత్తులో బెరడు రెండు చోట్ల చిట్లింది. అక్కడ ఇదివరకు కొమ్మ లేదు, కణుపు లేదు, మచ్చ కూడా లేదు. ముసలి బెరడు, రాయిలా ఉంటుంది. దాన్ని చీల్చుకుని రెండు ఎర్రటి మొనలు వచ్చాయి. ఒకటి ఇటు, ఒకటి సరిగ్గా దానికి ఎదురు అటు. కొలబద్ద పెట్టి చూశాను, రెండూ ఒకే ఎత్తు. సూది మొనకి కొంచెం పెద్దవి. ఇవాళ మొగ్గ విచ్చింది. అవే అయిదు వేళ్ళు.

బెరడు కింద ఏముందని వచ్చాయి? ఎక్కడి నుంచి వచ్చాయి? పెద్ద లోడింగాయన చూసి, "లోపల ఎవరో ఉన్నారమ్మా" అన్నాడు. నాకూ అదే అనిపించింది.

పైన ఉన్నదంతా ఎండుకట్టె. అది అలాగే ఉంటే కుళ్ళు కిందికి దిగి వీటినీ తినేస్తుంది. కొయ్యాలి. కానీ ఆ కొమ్మలు ఒక్కొక్కటీ అక్క తీగ చుట్టి వంచినవి. ముప్పై అయిదేళ్ళ పని, నేను ఏడు నిమిషాల్లో కోసి పారేసే పని. రంపం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. మీరు చెప్పకుండా చెయ్యి వెయ్యను.

మీ మరదలు


కొండ మీద
ఏప్రిల్ 13

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం విని, మీ అక్క ఈ చెట్టు సంగతులు రాసుకున్న నోటుపుస్తకం తీయించాను. మొదటి పేజీ దర్జీ చదివాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

"ఏప్రిల్. మొలక బొటనవేలు దాటింది. మట్టికి రెండు వేళ్ళ ఎత్తులో ఎదురెదురుగా రెండాకులు. మొదలు నున్నగా రావాలంటే తీసెయ్యాలన్నారు. గిల్లేశాను. పాపం అనిపించింది."

నువ్వు చెప్పిన ఎత్తు. నువ్వు చెప్పినట్టే ఎదురెదురుగా. మొక్కలాయనకి చెప్తే ఆశ్చర్యపోలేదు. ఆకు గిల్లినా దాని మూలలో ఉన్న మొగ్గ పోదట. బెరడు కింద ఉండిపోతుందట. పైన అంతా సవ్యంగా ఉన్నన్నాళ్ళూ దానికి పిలుపు రాదట.

మీ అక్కకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ వేళ్ళు గిల్లిన మొగ్గ అది. ఆమె బతికినంతకాలం దానికి కబురు అందలేదు, నీ పొరపాటుకి అందింది. ఈ మాట రాసి దర్జీ కలం పక్కన పెట్టాడు.

కొయ్యి. ఆ ఆకారం మీ అక్కది, నిజమే. ఈ చిగుళ్ళు కూడా మీ అక్కవే. వీటికి ఊపిరి ఉంది.

కొట్లో నేను కంటికి పెట్టుకునే అద్దం పంపుతున్నాను. నాకు దాంతో పని లేదు. కోసిన చోట చూసి, కనిపించింది రాయి.

బావ


శీతల గిడ్డంగి, వరండా
ఏప్రిల్ 22

బావగారికి,

కోశాను. ఏడు నిమిషాలు పట్టదు, నాకు ముప్పావుగంట పట్టింది. మా వాళ్ళు లారీ దగ్గర పని ఆపి వచ్చి నిలబడ్డారు. కోసిన పైభాగం పెద్దాయన రెండు చేతులతో అందుకున్నాడు.

చిగుళ్ళకి సరిగ్గా పైన, పలచని బిళ్ళ ఒకటి కోసి తీశాను. గరుకు కాగితంతో రుద్ది, తడిపి, మీ అద్దం కంటికి బిగించుకుని చూశాను.

చుట్లు. ఒక దాని చుట్టూ ఒకటి, వెంట్రుక కన్నా సన్నంగా. ప్రతి చుట్టుకీ అంచున ఒక నల్లటి గీత. పెరగడం ఆపి పడుకున్న గుర్తు అది. సూది మొనతో లెక్కపెట్టాను. మధ్యలో చుక్క మొదటి ఏడు, అక్క కుండీలో పెట్టినది. ముప్పై అయిదు మీ కొండ మీదివి. ఒక చోట నాలుగు చుట్లు బాగా ఇరుకుగా ఉన్నాయి. అక్కకి ఒంట్లో బాగోక నీళ్ళు మీరు పోసిన ఏళ్ళు అవేనా? చెట్టు మీ మీద ఫిర్యాదు రాసి పెట్టుకుంది.

ఇంకోటి కనిపించింది. మధ్య చుక్క దగ్గర బయలుదేరి, రెండు చిగుళ్ళ వైపూ బెరడు దాకా చెరో తెల్లటి దారం. అన్ని చుట్లనీ అడ్డంగా దాటుకుంటూ వచ్చాయి. చాలాసేపటికి అర్థమయింది. అది మొగ్గ నడిచిన దారి. చెట్టు లావవుతుంటే అది లోపల పూడిపోకుండా ఏటా ఒక వెంట్రుక మందం బయటికి జరిగింది. ముప్పై ఏడేళ్ళు జరుగుతూనే ఉంది. పిలుపు వస్తుందో రాదో తెలియకుండా, వస్తే అందుకునేంత దూరంలో ఉండడానికి. అద్దం తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. అది అక్కడే ఉంది.

బెరడుకి ఆనుకుని ఉన్న చివరి రెండు చుట్లూ ఇక్కడివి. వెడల్పుగా ఉన్నాయి, మా ఎండాకాలాలు. ఆ రెండింటి మధ్య గీత ఒకటి ఉంది. అది రెండో గదిలో, బంగాళాదుంపల పక్కన, నా యంత్రం చేసిన చలికాలం. దాని వెనక గీత మీ కొండ మీద ఆఖరి చలికాలం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అద్దంతో ఎంత చూసినా నాకు తేడా కనపడలేదు. బిళ్ళ పంపుతున్నాను. మీ వేలికి తెలుస్తుందేమో చూసి చెప్పండి.

మీ మరదలు


కొండ మీద
మే 3

మరదలికి,

దర్జీకి చెప్పకుండా నా చేత్తో రాస్తున్నాను. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓపిగ్గా విడదీసుకో.

బిళ్ళ చేరింది. గోటితో తడిమాను, తర్వాత చూపుడు వేలితో తడిమాను. చేతి గడియారం చక్రంలో అరిగిన పన్ను ఏదో పట్టుకున్న వేలు ఇది. బెరడు పక్క మొదటి గీత, దాని వెనకది. మూడు రోజులు వెతికాను. తేడా లేదు.

చిగుళ్ళకి ఎన్ని ఆకులు వచ్చాయో రాయొద్దు. దర్జీ చెయ్యి పట్టుకుని రైలు ఎక్కిస్తానన్నాడు. వచ్చి నేనే లెక్కపెట్టుకుంటాను.

బావ